స్వయంపాకపు లోగిలి

"స్వయంపాకము" అను మాట నేటి బాలికలకు వింతగా దోచవచ్చును గాని, మన నాయనమ్మల కాలమున ఆ మాట తెలియని యిల్లు లేదు. దూరమునుండి వచ్చిన బాటసారి, ఇతరులు వండినది భుజింపని నియమము గలవాడైనచో, ఇంటి యిల్లాలు ఒక చేటలో బియ్యము, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, రెండు కాయగూరలు అమర్చి, గిన్నెలును కట్టెలును ఇచ్చి, వసారాలో నొక మూల చూపుచుండెను. వచ్చినవాడు తన వంట తాను చేసికొని, భుజించి, గిన్నెలు తోమి బోర్లించి, తన దారిని తాను పోవుచుండెను.

ఇప్పుడు మా యింట జరుగుచున్నదియు నిదియే యని నేననిన సోదరీమణులు నవ్వుదురేమో! కోనసీమలో నొక పల్లెయందు మావారి ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలిని బాగుచేయించి, రెండుమూడు దినములు విశ్రాంతికై వచ్చువారికి అద్దెకిచ్చుచున్నాము. అక్కడ వంటమనిషి లేడు, వడ్డించువారు లేరు. ఇల్లు, పొయ్యి, గిన్నెలు, బావి మావి, వంట వచ్చినవారిది. మా పినతల్లి యీ సంగతి విని, "డబ్బు పుచ్చుకుని కూడా అన్నం పెట్టరటే! ఇదేం మర్యాద?" అని బుగ్గలు నొక్కుకొన్నది. ఆ నాడు ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోతిని. మూడేండ్లుగా అతిథులను చూచిన పిదప, ఇప్పుడు కొంత చెప్పగలనని తోచి యిది వ్రాయుచున్నాను.

మండువా లోగిలిని చూడనివారికొఱకు మొదట దానిని గూర్చి చెప్పవలెను. ఇంటి నడుమ ఆకాశమునకు తెఱచియుండు చదరపు జాగాయే మండువా. నాలుగు వైపుల కప్పులును దానివైపునకే వాలియుండును. వానకాలమున నాలుగు కప్పులమీది నీరును ఇంటి నడుమనే పడి, అడుగుననున్న తూముగుండ పెరటిలోనికి పోవును. మండువా చుట్టును స్తంభములు, వాని వెనుక వసారాలు, వసారాల వెనుక గదులు, వీధివైపున అరుగులు. వెలుతురు పైనుండి దిగును, వేడిగాలి పైకే పోవును. మా యింటి స్తంభములు పదియాఱు, అన్నియు టేకువి. గోదావరి యెగువ మన్యమున కొట్టిన మ్రానులను తెప్పలుగా కట్టి నీటిలో వదలగా, దిగువన ఒడ్డునకు చేర్చుకొనెడివారట. మా యత్తగారు ఈ కథ చెప్పునప్పుడు స్తంభముపై చేయి వేసికొనియే చెప్పుదురు.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీని కోనసీమవారెవరును మఱవలేరు. ఆనాటి తుపానులో వేయిమందికి పైగా ప్రాణములు కోలుపోయిరి. తోటలకు తోటలే నేలవ్రాలినవి. మా దక్షిణపు కప్పుమీద ఒక కొబ్బరిచెట్టు అడ్డముగా పడినది. అప్పటికి నేనీ యింటి కోడలను కాను, ఎనిమిదేండ్ల పిల్లను. నేను కాపురమునకు వచ్చుసరికి ఆ వైపున పెంకులకు బదులు తాటాకులు, వానిపైన నీలిరంగు పట్టాలు ఉండెను. మూడు గదులలో సంసారము, తక్కిన యింట ఎలుకలు. ఏటేట నొక వాసము పుచ్చిపోవుచుండెను.

ఇట్లుండగా 2020లో నొక కలప వర్తకుడు వచ్చెను. అరుగుమీద కూర్చుండకముందే స్తంభములను లెక్కపెట్టెను. వీధి ద్వారబంధమునకు వేఱు ధర, చెక్కడపు తలుపులకు వేఱు, దూలములకు బారునకింత యని చెప్పెను. ఇట్టి కలప పట్టణములలోని హోటళ్ళకును, క్రొత్త భవంతులకును అలంకారముగా పోవుచున్నదట. మా చుట్టుపట్ల ఊళ్ళలో ఎన్నియో లోగిళ్ళు ఈ విధముగానే విప్పబడినవి. చిత్రమేమనగా, నిలిచియున్న యింటిని కొనువాడు ఒక్కడును రాలేదు. విప్పిన యింటికి మాత్రము బేరము వెంట బేరము వచ్చెను. మావారు ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులు. పంతులు జీతముతో పదియాఱు స్తంభముల యింటిని నిలువబెట్టుట యెట్లు? ఆ రాత్రి ఇంటిలో నెవరికిని నిద్ర లేదు.

అద్దెకిచ్చు నాలోచన మావారిది. ఇంగ్లండులో 1965లో స్థాపింపబడిన ల్యాండ్‌మార్క్ ట్రస్టు అను సంస్థను గూర్చి ఆయన ఎక్కడనో చదివిరి. శిథిలమగుచున్న పాత కట్టడములను వారు పాత పద్ధతినే బాగుచేసి, కొలది దినములకు అద్దెకిత్తురు. ఆ యద్దెయే ఇంటి పోషణకు తోడ్పడును. వచ్చినవారు వంట తామే చేసికొందురు. టెలివిజను పెట్టె యుండదు, పుస్తకములుండును. ప్రతి యింటను ఒక పొడవాటి పుస్తకము ఉంచగా, వచ్చినవారు తమకు తోచినది అందు వ్రాసి పోవుదురు. "మన స్వయంపాకమునే వారు ఆంగ్లములో చేయుచున్నారు" అని మావారు నవ్విరి.

మా యత్తగారు నవ్వలేదు. "అద్దెకిచ్చుకోండి, కాదనను. కాని ఇంటికి వచ్చినవాళ్ళకి మెతుకు పెట్టి, దానికి డబ్బు లెక్క కట్టారంటే నేను ఈ గుమ్మంలో ఉండను" అనిరి. ఆమె మాటను చాదస్తమని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. మాది డొక్కా సీతమ్మగారి సీమ. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆ తల్లి, లంకల గన్నవరములో గోదావరి లంకలు దాటి వచ్చువారికి వేళగాని వేళయందును అన్నము పెట్టి కీర్తి కెక్కినది. గన్నవరమువద్ద వైనతేయ నదిమీది క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టిరి. 2024లో మన రాష్ట్రపు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరు పెట్టిరి. ఆమె చేతి యన్నము తిన్నవారి మనుమలు ఇంకను మా ప్రాంతమున కథలు చెప్పుచునే యున్నారు. అట్టి సీమలో అన్నమునకు రసీదు వ్రాయుట యెట్లని మా యత్తగారి బాధ.

నాకును చదువుకొన్న పుస్తకములు అడ్డుపడినవి. బాల్యమున మా నాయనగారు ఇంటియొద్దనే నాకు మనుచరిత్రము, ఆముక్తమాల్యద చెప్పిరి. ప్రవరుని యిల్లాలు ఎందఱు అతిథులు ఏ వేళ వచ్చినను వండుటకు అలసిపోదని పెద్దనగారు ప్రశంసించిరి. చిన్నతనమున ఆ పద్యము చదివి నేనును అట్లే యుండవలెనని యనుకొంటిని. పెండ్లియై, నలుగురికి రెండుపూటల వండుట మొదలిడిన పిదప, కవిగారు ఆమె నడిగియే వ్రాసిరా యని సందేహము కలుగుచున్నది. కృష్ణరాయలు కొంత నయము. విష్ణుచిత్తుని యింట జడివానల కాలమున ఇల్లాలి కన్నులకు పొగ సోకకుండ కొబ్బరి వంటచెఱకు వాడిరని, వండునామె కన్నులను గూడ తలచుకొని వ్రాసిన రాజాయన. కొబ్బరి చిప్పల మంట యెట్టిదో కోనసీమ స్త్రీలకు నేను చెప్పనక్కఱలేదు.

కప్పు పని 2021 వేసవిలో మొదలుపెట్టితిమి. మొదట పిలిచిన మేస్త్రి, లోతట్టు గోడలకు సిమెంటు పూసిన నూఱేండ్లు చూడనక్కఱలేదని చెప్పి పూసిపోయెను. రెండవ వానకాలమునకే అది పొంగి, చేతితో తట్టిన డొల్లుచప్పుడై, పలకలు పలకలుగా ఊడినది. పెద్ద మేస్త్రి యొకడు వచ్చి కారణము చెప్పెను. పాత యిటుక గోడ నేలలోని చెమ్మను పీల్చుకొనును. సున్నపు పూతయైనచో ఆ చెమ్మ మెల్లగా బయటికి పోవును. సిమెంటు దానిని లోపలనే బంధించును. అంతట ఇటుకలలో ఉప్పు పేరుకొని, ఇటుకయే పొడియై రాలును. రెండువేల రూపాయలతో పోవలసిన పని ఇరువదివేలైనది. ఊడబెఱికి, గానుగ సున్నమే పూయించితిమి. కాల్చిన సున్నమును నీటిలో చల్లార్చి, కొన్ని వారములు నాననిచ్చి, ఇసుకతో కలిపి నూఱి, బెల్లపు నీరును, కరక్కాయలు నానిన నీరును చేర్చి పూసిన ఆ గోడ, ఇప్పుడు చేయి వేసిన పట్టువలె నున్నది. బంగాళా పెంకులు మాత్రము క్రొత్తవి పాతవానితో కలియలేదు. కడకు, పొరుగూరిలో విప్పుచున్న మఱియొక లోగిలి పెంకులు కొని తెచ్చితిమి. ఒక యిల్లు కూలగా మా యిల్లు నిలిచినదను మాట దాచుటెందుకు?

పాతదంతయు ఉంచవలెనను పట్టుదల నాకు లేదు. వెనుకటి కాలమున మరుగుదొడ్డి పెరటి చివర, కొబ్బరిచెట్లు దాటిన తరువాత ఉండెడిది. రాత్రివేళ ఆడువారు లాంతరు పట్టుకొని, తోడు పిలుచుకొని, పామును తలచుకొనుచు పోవలసినదే. ఆ ముచ్చట అతిథులకు చూపుట ధర్మము కాదని ధాన్యపు కొట్టును రెండు స్నానపు గదులుగా మార్చితిమి. ధాన్యలక్ష్మి యుండినచోట ఇవి యేమని బంధువులనిరి. లక్ష్మికి మాత్రము స్నానము వలదా యని నేనంటిని. వంటింట గ్యాసు పొయ్యి పెట్టితిమి. రోలు, తిరగలి, కత్తిపీట, కవ్వము ఎక్కడివక్కడనే యున్నవి. ఇష్టమున్నవారు వాడుకొందురు, లేనివారు పిల్లలకు చూపుదురు. త్రాగునీరు మాత్రము బయటినుండి డబ్బాలతో తెప్పించెదము. మా బావినీరు స్నానమునకు, గిన్నెలకు బాగుండును గాని నోట పోసికొన్న ఉప్పదనము తెలియును.

ఇక మా యత్తగారి పట్టుదల సంగతి. దానికి దారి ఆమెయే చూపిరి. అద్దె గోడలకును పెంకులకునే గాని బియ్యమునకు కాదు. కావున మొదటి దినపు స్వయంపాకము ఇంటివారు ఊరకయే ఇయ్యవలెను. నాటినుండి అదియే నియమము. అతిథులు వచ్చు దినమున ఉదయమే చేట నిండును. బియ్యము, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఉప్పు, చిన్న సీసాలో నూనె, బెల్లపు ముక్క, ఒక కొబ్బరికాయ, పెరటిలో ఆ పూటకు దొరకిన కూర (అరటికాయయో, ఆనపకాయయో, కందయో), గిన్నెలో పాలు, ముంతలో పెరుగు. పెరుగు రాత్రియే తోడుపెట్టవలెను. అది మా యత్తగారు మఱియొకరికి అప్పగింపరు. ప్రయాణపు బడలికతో వచ్చినవారు అంగడికి పరుగెత్తనక్కఱలేకుండ, అరగంటలో పప్పు, కూర, అన్నము చేసికొనగలరు. మఱునాటినుండి సంత, అంగడి వారిష్టము. ఈ చేటకు మేము వెలకట్టమని తెలిసి ఒక బెంగుళూరి గృహస్థు నమ్మక, పోవునప్పుడు చేటక్రింద నోట్లు పెట్టి పోయెను. వానిని తిరిగి పంపుటకు మావారు రెండు దినములు ఫోనులో వాదింపవలసి వచ్చెను.

శాస్త్రప్రకారము చూచిన, మా యింటికి వచ్చువారు అతిథులే కారు! వచ్చు తిథి నిర్ణయము లేనివాడే అతిథి. ఎఱిగిన నాడు వచ్చువాడు అభ్యాగతుడు. మావారో, తేదీ, వేళ, ఎందఱు పెద్దలు, ఎందఱు పిల్లలు అనునదంతయు నెలకు ముందే ఫోనులో కుదుర్చుకొని వచ్చువారు. దీనివలన నొక లాభము కలదు. చెప్పవలసినది ముందే చెప్పవచ్చును. గుమ్మములు తగ్గు, గడపలు ఎత్తు. మోకాళ్ళ నొప్పులవారికి ముందే తెలియవలెను. కాలువలకు నీరు వదలని ఏప్రిలు, మే నెలలలో పచ్చదనము వాడియుండునని చెప్పవలెను. దోమలున్నవని చెప్పవలెను, దోమతెరలును ఉన్నవని చెప్పవచ్చును. విదేశీయులైనచో ఇరువదినాలుగు గంటలలోపల ప్రభుత్వమువారికి వారి వివరములు పంపవలెను గనుక వారి పత్రములు ముందే అడుగవలెను. మాంసము, చేపలు లోపలి వంటింట వండరాదని, పెరటిపాకలో అందులకు వేఱు పొయ్యి యున్నదని గూడ ముందే చెప్పుదుము. వానకాలమున గోదావరికి ఎదురీది వచ్చు పులసకొఱకే కొందఱు వత్తురు. వారికి ఆ పాకయే స్వర్గము. ఈ నియమము న్యాయమేనా యని నాకు లోలోపల సందేహము లేకపోలేదు. కాని ఈ యిల్లు నాది మాత్రమే కాదు, అత్తగారిది గూడ. వారి కట్టుబాటులో సగము నేను తీసివేసితిని. ఈ సగము ఆమె యుంచుకొన్నారు.

వచ్చిన వేళ ఇంటివారు ఎదుట నుండవలెను. తాళపుచెవి పొరుగువారియొద్ద నున్నదనుట, పూలకుండీ క్రింద వెదకికొమ్మనుట మర్యాద కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముని గడపకు పోవుసరికి యముడు ఇంట లేడు. ఆ బాలుడు మూడు రాత్రులు అన్నము లేక వేచియున్నందున, సాక్షాత్తు యముడంతవాడు పరిహారముగా మూడు వరములు ఇచ్చుకొనవలసి వచ్చెను. వరము లిచ్చు శక్తి లేని మనము వేళకు ఇంట నుండుటయే మేలు! కాళ్ళకు నీళ్ళు, త్రాగుటకు కొబ్బరినీళ్ళు ఇచ్చి, ఇల్లంతయు ఒకసారి త్రిప్పి చూపుదును. తగ్గు గుమ్మము చూపుదును, బావి చప్టా జారునని చెప్పుదును, మండువా తూమునకు అడ్డముగా బట్టలు గాని బొమ్మలు గాని పెట్టవలదని రెండుసార్లు చెప్పుదును. ఒకసారి పిల్లవాని బంతి తూములో చిక్కుకొని, వాన గంటసేపు కురియగా, వసారాలోనికి చీలమండల లోతు నీరు వచ్చినది. పెద్దలు కంగారుపడిరి గాని ఆ పిల్లలు మాత్రము ఇంతటి సెలవు తామెన్నడును ఎఱుగమని పుస్తకములో వ్రాసిపోయిరి.

చూపవలసినదంతయు చూపిన తరువాత చేయవలసిన పని యొకటి కలదు. నాకు దానినే నేర్చుకొనుట కష్టమైనది. అది మరలి పోవుట. మేము పెరటివైపున చిన్న యింట నుందుము, పిలిచిన వినబడును. తొలి దినములలో ఉదయము పూలు, పదిగంటలకు మజ్జిగ, సాయంకాలము జంతికలు పట్టుకొని పోయి, "వంట అయినదా? ఏమి వండినారు?" అని పలుకరించుచుంటిని. మూడవసారి పోయినప్పుడు ఒక యిల్లాలు తడిజుట్టుతో, మండువాలో చాపమీద పండుకొని, చదువుచున్న పుస్తకమును దిగ్గున మూసి లేచి కూర్చుండెను. దొంగతనము చేయుచు పట్టుబడినదానివలె ఆమె ముఖము చిన్నబోయినది. "వంట ఇంకా మొదలుపెట్టలేదండీ..." అని సంజాయిషీ చెప్పబోయెను. పాపము, ఆమె వచ్చినదే ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కఱలేని రెండు దినములకొఱకు! నేను జంతికలు అక్కడ పెట్టి వచ్చివేసితిని. అప్పటినుండి పిలువనిదే పోను.

ఇత్తడి గిన్నెల విషయమున నేను చేసిన తప్పును గూడ చెప్పుకొందును. పాత యింటికి పాత గిన్నెలే యందమని, అటకమీది ఇత్తడి గిన్నెలు తోమించి వంటింట వరుసగా పెట్టితిని. క్రొత్తగా పెండ్లియైన దంపతులు వచ్చి, ముచ్చటపడి అందులో టమాటా పులుసు కాచిరి. దానికి కళాయి అరిగిపోయియున్నదని నేను చూడలేదు. పులుపు ఇత్తడికి తగిలి పులుసు రంగు మాఱినది. నోట పెట్టిన చిలుము రుచి. రాత్రి తొమ్మిదిగంటలకు పాపమా పిల్ల గిన్నె పట్టుకొని కన్నీళ్ళతో మా తలుపు తట్టినది. తన వంటయే చెడినదని అనుకొన్నది! ఆ పులుసు పారబోయించి, మా యింటి చారు ఇచ్చి పంపితిని. నాటినుండి వంటకు స్టీలు గిన్నెలే. ఇత్తడిలో కళాయి పెట్టించినవి మూడు మాత్రము, ఏటేట చూపించి, క్రింద నుంచితిని. కళాయి వేయువాడు దొరకుటయే ఇప్పుడు గగనము.

మా పొడవాటి పుస్తకములో పొగడ్తలే యుండునని యనుకొనకుడు. గత సంక్రాంతికి వచ్చిన యొక యిల్లాలు ఇంటి యందమును రెండు పంక్తులలో మెచ్చి, క్రింద చిన్న అక్షరములతో ఇట్లు వ్రాసినది: "సెలవు మావారికి, పిల్లలకు. నాకు వంటిల్లు మారింది." అది చదివిన దినమంతయు నాకు మనసు మనసులో లేదు. స్వయంపాకము అనుచున్నాము, స్వయముగా వండునది ఇంటిలో నెవరు? పూర్వపు బాటసారి పురుషుడైనను తన గంజి తాను కాచుకొనెను. నేటి సంసారులు వచ్చినప్పుడు ఆ "స్వయము" మఱల ఇల్లాలి నెత్తినే పడుచున్నది. దీనికి నాచేత నైనది కొంచెమే. ఊరిలో చక్కగా వండు ఇద్దఱు స్త్రీలున్నారు. కావలసినవారికి ఒకపూట వచ్చి వండిపెట్టుదురు, కూలి వారి చేతికే ఇయ్యవలెను, మధ్య మాకు ప్రమేయము లేదు. ఈ మాట ఇప్పుడు ఫోనులోనే, అందును మగవారితోనే, చెప్పుచున్నాను. విన్నవారిలో కొందఱు వారిని పిలుతురు. కాకినాడనుండి వచ్చిన ఒక ఆయన మాత్రము పిలువక, ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని మూడు దినములును తానే వండెను. అన్నము ఒకపూట మాడినది. వాసన మా యింటి వఱకు వచ్చినది. ఆయన భార్య అరుగుమీద కూర్చుండి, మాడిన వాసన వచ్చినను లేవక, కాలువవైపు చూచుచుండుట నేను చూచితిని.

క్రిందటి శ్రావణమాసమున వచ్చిన వారిని గూర్చి చెప్పి ముగించెదను. విశాఖపట్టణమునుండి ఒకామె ఫోను చేసి, తానును, తన కుమారుడును, తండ్రిగారును వత్తుమని చెప్పినది. మేము కులము లడుగము, అడుగ నేల? వచ్చిన దినమున ఆమెయు పిల్లవాడును చరచర లోనికి వచ్చిరి. డెబ్బదియేండ్లు దాటిన ఆ పెద్దమనిషి మాత్రము రాలేదు. చూడగా, చెప్పులు ప్రహరీ వెలుపలనే విడిచి, ఎండకు కాలుచున్న నేలమీద నడచి వచ్చి, అరుగు ప్రక్కన నిలుచుండెను. తెల్లని చొక్కా, చేతికి గడియారము. పెద్ద యుద్యోగము చేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారని చూడగనే తెలియుచుండెను.

"లోపలికి రండి, బాబాయిగారూ" అంటిని.

"పెరటి దారి ఉండేది కదమ్మా, ఇప్పుడు లేదా?" అని ఆయన అడిగెను.

నాకు మొదట బోధపడలేదు. ఆయనయే మెల్లగా చెప్పెను. "మా నాయన ఈ ఇంట్లో పాలేరు. నేను బడికి పోతూ ఆయనకి చద్దన్నం పట్టుకొచ్చేవాణ్ణి. వెనకవైపు నుంచే. ఈ గుమ్మం మేమెప్పుడూ తొక్కలేదు."

అస్పృశ్యత నేరమని చట్టము వచ్చినది 1955లో. ఆయన చద్దన్నము తెచ్చిన కాలము అటుపైన పదియేండ్లది. నాకు మాట రాలేదు. ఇంతలో సవ్వడి విని మా యత్తగారు వచ్చిరి. తండ్రి పేరడిగిరి. ఆయన చెప్పెను. ఆ పేరును ఆమె యే విధముగా పిలిచెడివారో నాకు తెలియును. పాత కథలు చెప్పునప్పుడు చాలసార్లు విన్నాను. గుండె దడదడలాడుచు ఆమె నోటివైపు చూచుచుంటిని.

"రండి," అనిరి మా యత్తగారు. "గుమ్మం తగ్గు. తల చూసుకోండి."

ఆయన తల వంచి లోనికి వచ్చి, మండువా అంచున కూర్చుండి, చాలసేపు పైకి చూచెను. సన్నగా తుంపర పడుచుండెను. "వానొస్తే వెనక తూములోంచి నీళ్ళు బుసబుసా వచ్చేవి. ఇంటి లోపల వాన కురుస్తుందిరా అని నాయన చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు" అనెను. పిల్లవాడు తాతగారి ప్రక్కన కూర్చుండి వానలోనికి కాళ్ళు చాచెను.

నేను ఎప్పటివలె చేట చూపి, మరలి వచ్చితిని. ఆ సాయంకాలము పిల్లవాడు మూత పెట్టిన గిన్నె పట్టుకొని వచ్చి, "అమ్మ పరమాన్నం చేసింది. మామ్మగారికి ఇమ్మంది" అనెను. మా యత్తగారు మడి కట్టుకొని తమ వంట తాము చేసికొనువారు. నేను వండినదే కొన్ని దినములలో ముట్టరు. ఆమె గిన్నెను చేతులతో అందుకొని, గూటిలో పెట్టి, తలుపు దగ్గఱగా వేసిరి. నేనేమియు అడుగలేదు. మావారును అడుగలేదు.

తెల్లవారిన పిదప ఆ గిన్నె తోమి, బావి గట్టుమీద బోర్లింపబడియుండెను.

వారు బయలుదేరు వేళకు అత్తగారు ఆ గిన్నెనిండ సున్నివుండలు పోసి తెచ్చి ఆ యమ్మాయి చేతికిచ్చిరి. గిన్నె ఖాళీగా పంపరాదు గదా. "పరమాన్నంలో ఏలకులు కాస్త ఎక్కువయ్యాయమ్మా. ఈసారి తగ్గించి వెయ్యి" అనిరి. ఆమె తలయూచినది. ఆ పెద్దమనిషి పుస్తకము తెఱచి, తన పేరు వ్రాయక, తండ్రి పేరును, ఊరిని, ఆనాటి తేదీని వ్రాసి, కలము మూసి, తగ్గు గుమ్మమున తల వంచి వెలుపలికి పోయెను. చెప్పులు ఈసారి అరుగుక్రిందనే యుండెను. రాత్రి పిల్లవాడు తెచ్చి పెట్టినాడట.

కారు మలుపు తిరుగు వఱకు మా యత్తగారు అరుగుమీద నిలుచుండిరి. తరువాత లోనికి వచ్చుచు, "శుక్రవారం వచ్చేవాళ్ళు ఎంతమందే? పెరుక్కి పాలు సరిపోతాయా?" అని అడిగిరి.